నిర్జీవ దంతంలో సజీవ కణజాలం: రూట్ కెనాల్‌కు ప్రత్యామ్నాయం ఎంతవరకు వచ్చింది?

పంటి పైపొర అయిన ఎనామెల్, దాని కింద పన్నులో అధిక భాగాన్ని ఆక్రమించే డెంటిన్, వేరును కప్పి ఉంచే సిమెంటం అనే మూడు గట్టి పదార్థాల నడుమ, పంటి పైభాగం నుంచి వేరు కొన వరకు సాగే ఇరుకైన కుహరంలో, రక్తనాళాలు, నరాలు, రక్షక కణాలు కలిసిన మెత్తటి కణజాలం ఒకటి ఉంటుంది. దంతవైద్యులు దానిని పల్ప్ అంటారు; తెలుగులో దంతమజ్జ అనవచ్చు. పన్ను పుచ్చి రాత్రంతా సలిపినప్పుడు బాధపడేది ఈ మజ్జే; రూట్ కెనాల్ చేయించుకున్నవారు ‘నరం తీసేశారు’ అని చెప్పుకునేదీ దీని గురించే. మజ్జ చనిపోయిన పెద్దల పంటిలో ప్రాణం లేని పూరకాన్ని నింపడానికి బదులు, ప్రాణమున్న కణజాలమే తిరిగి పెరిగేలా చేయడం సాధ్యమా అన్న ప్రశ్న చుట్టూ గత పాతికేళ్లలో దంతవైద్యంలో ఒక శాఖే ఏర్పడింది. పంటి లోపలి భాగాలకు చేసే వైద్యాన్ని ఎండోడాంటిక్స్ అంటారు గనుక, దీనికి పునరుత్పాదక ఎండోడాంటిక్స్ అని పేరు వచ్చింది. ఈ శాఖ నిజంగా సాధించినదేమిటో, సాధించినట్టు ప్రచారంలో ఉన్నదేమిటో విడదీసి చూడడం అవసరం, ఎందుకంటే ఆ రెండింటి మధ్య దూరం ఇంకా చాలానే ఉంది.

మజ్జ అంచున వరుసగా అమరి ఉండే ఓడాంటోబ్లాస్టులు అనే కణాలు డెంటిన్‌ను తయారుచేస్తాయి. వేరు పూర్తిగా ఏర్పడిన తర్వాత కూడా ఇవి పని మానవు. జీవితాంతం లోపలివైపు కొద్దికొద్దిగా డెంటిన్‌ను పేరుస్తూనే ఉంటాయి, పుచ్చు దగ్గరపడుతున్నప్పుడు ఆ చోట అదనపు డెంటిన్‌ను అడ్డుగోడగా కడతాయి. ఎనామెల్‌ను తయారుచేసిన కణాలు పన్ను నోట్లోకి మొలిచేసరికే నశించిపోతాయి గనుక ఎనామెల్‌కు ఈ వరం లేదు. పంటికి తనను తాను బాగుచేసుకునే గుణం ఏమాత్రం ఉన్నా అది మజ్జ చలవే. అయితే ఈ మజ్జకు పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. చర్మానికి గాయమైతే ఆ చోటు వాచి, చుట్టుపక్కల నాళాల నుంచి రక్తం చేరుతుంది. మజ్జకు మాత్రం గట్టి గోడల మధ్య వాచడానికి చోటు లేదు, రక్తం వచ్చే దారీ పోయే దారీ రెండూ ప్రధానంగా వేరు కొనన ఉండే సన్నని రంధ్రమే. ఒకే ఒక కిటికీ ఉన్న గదిలో పొగ కమ్ముకున్నట్టు, పుచ్చులోంచి దిగిన సూక్ష్మజీవుల వల్ల మజ్జలో మంట మొదలైతే ఒత్తిడి పెరిగి, రక్తప్రసరణ దెబ్బతిని, కణజాలం భాగం తరువాత భాగంగా చనిపోతుంది. దెబ్బ తగిలి ఆ రంధ్రం దగ్గర నాళాలు తెగిపోతే పుచ్చు లేకుండానే ఇదే పరిణామం జరుగుతుంది. చిన్నప్పుడు పడి దెబ్బతిన్న ముందుపన్ను ఏళ్ల తర్వాత రంగు మారి కనిపించడానికి కారణాలలో ఇది ఒకటి.

మజ్జను చంపేది గాయం కంటే సూక్ష్మజీవులేనని నిరూపించిన ప్రయోగం 1965లో వెలువడింది. కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి మజ్జను బయటపెట్టి వదిలేయగా, మామూలు ఎలుకల్లో మజ్జ కుళ్లి వేరు కొన వద్ద చీముగడ్డలు ఏర్పడ్డాయి. ఏ సూక్ష్మజీవీ లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో మాత్రం, రంధ్రంలో ఆహారం ఇరుక్కున్నా సరే, మజ్జ బతికే ఉండి గాయం మీద కొత్త డెంటిన్ వంతెన కట్టుకుంది. రూట్ కెనాల్ చికిత్స వెనుక ఉన్న తర్కమంతా ఈ ప్రయోగంలో ఉంది. పునరుత్పాదక చికిత్సకు ఎదురవుతున్న చిక్కులకు మూలం కూడా ఇక్కడే ఉంది.

రూట్ కెనాల్‌లో వైద్యుడు పన్ను పైభాగాన్ని తొలిచి, చనిపోయిన మజ్జను ఫైళ్లు అనే సన్నని పరికరాలతో తొలగించి, కుహరాన్ని సోడియం హైపోక్లోరైట్ వంటి క్రిమిసంహారక ద్రావణాలతో పదేపదే కడిగి, చివరకు గట్టాపెర్చా అనే పదార్థంతో వేరు కొన వరకు మూసివేస్తాడు. గట్టాపెర్చా ఆగ్నేయాసియా చెట్ల పాల నుంచి వచ్చే రబ్బరు వంటి పదార్థం. పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగం నుంచి దంతవైద్యంలో దీని వాడుక ఉంది. జనంలో భయం ఎంత ఉన్నా ఈ చికిత్స రికార్డు మంచిదే. అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి చూసిన 2010 నాటి ఒక సమీక్ష ప్రకారం, చికిత్స జరిగిన రెండు నుంచి పదేళ్ల తర్వాత కూడా 86 నుంచి 93 శాతం పళ్లు నోట్లో నిలిచే ఉన్నాయి. కొత్తగా వచ్చే ఏ పద్ధతైనా ఈ గీతను దాటవలసి ఉంటుంది. అలాగని లోపాలు లేవని కాదు. ఇలా బాగుచేసిన పన్ను చల్లదనాన్నీ వేడినీ గ్రహించదు, లోపల రక్షక కణాలు ఉండవు గనుక పూరకం పక్కనుంచి సూక్ష్మజీవులు తిరిగి చొరబడితే అడ్డుకునేదీ ఉండదు, కొత్తగా పుచ్చు పట్టినా నొప్పి రూపంలో హెచ్చరిక రాదు.

ఈ లోపాలను పట్టుకుని రూట్ కెనాల్ చేసిన పళ్లు ఒంటినిండా రోగాలు తెస్తాయనీ, వాటిని పీకించుకోవాలనీ చేసే ప్రచారం అప్పుడప్పుడూ తల ఎత్తుతూ ఉంటుంది. దీని మూలం 1910లో మాంట్రియల్‌లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు చేసిన ఉపన్యాసంలోనూ, ఆ తర్వాత అమెరికాలో వెస్టన్ ప్రైస్ అనే దంతవైద్యుడు కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లోనూ ఉంది. నోటిలోని సూక్ష్మజీవులే కీళ్లవాతం మొదలుకొని అనేక వ్యాధులకు మూలమన్న ఆ సిద్ధాంతం నమ్మి కొన్ని దశాబ్దాలపాటు లెక్కలేనన్ని పళ్లు పీకించారు. జాగ్రత్తగా తిరిగి చేసిన ప్రయోగాల్లో ప్రైస్ ఫలితాలు నిలబడలేదు. పునరుత్పాదక చికిత్సను సమర్థించడానికి ఈ పాత భయం అవసరం లేదు. రూట్ కెనాల్ చెడ్డదని కాదు, అంతకన్నా మెరుగైనది వీలవుతుందేమోనన్న ఆలోచనే ఈ శాఖను నడుపుతోంది.

ఆ ఆలోచనకు తొలి రూపం ఇచ్చినవాడు నార్వేకు చెందిన నైగార్డ్-ఓస్ట్‌బీ. శరీరంలో గాయం మానడం ఎక్కడైనా రక్తపు గడ్డతోనే మొదలవుతుంది గనుక, శుభ్రం చేసిన పంటి కుహరంలోకి వేరు కొన అవతలి నుంచి కావాలనే రక్తం స్రవింపజేస్తే ఆ గడ్డను ఆధారం చేసుకుని కొత్త కణజాలం పెరగవచ్చునని ఆయన భావించి, 1961లో తన ఫలితాలను ప్రచురించాడు. తర్వాత తీసిన పళ్లను సూక్ష్మదర్శిని కింద పరిశీలించినప్పుడు కుహరం కొంతమేర పీచువంటి అనుసంధాన కణజాలంతో నిండి కనిపించింది, అక్కడక్కడ సిమెంటం కూడా పేరుకుంది. కానీ మజ్జ ముందే చనిపోయి సూక్ష్మజీవులు పట్టిన పళ్లలో ఆశించిన ఫలితం రాలేదు. అప్పటి క్రిమిసంహారక పద్ధతులకు ఆ పళ్లను తగినంత శుభ్రపరిచే శక్తి లేకపోవడంతో ఆ పని నలభై ఏళ్లపాటు పక్కనపడింది.

దాన్ని తిరిగి తెరిచింది పిల్లల పళ్లు. శాశ్వత దంతం మొలిచిన తర్వాత వేరు పూర్తికావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. ఆలోపే మజ్జ చనిపోతే వేరు ఎదగడం ఆగిపోయి, గోడలు పలచగా, కొన వెడల్పుగా తెరుచుకుని ఉండిపోతుంది. అటువంటి పంటిని గట్టాపెర్చాతో మూయడం కష్టం, మూసినా కొంతకాలానికి వేరు విరిగే ప్రమాదం ఉంటుంది. 2001లో జపాన్ వైద్యులు ఇవాయా, ఇకావా, కుబోతా, కింది దవడలోని అటువంటి ఒక ప్రీమోలార్‌కు, అంటే కోరపన్నుకూ దవడపళ్లకూ మధ్య ఉండే పంటికి, కుహరం గోడలను గీకకుండా యాంటీబయాటిక్ మందులతో శుభ్రపరచి మూసివేయగా, 30 నెలల తర్వాత ఎక్స్-రేలో వేరు గోడలు మందమై కొన మూసుకున్నట్టు కనిపించింది. 2004లో బాంక్స్, ట్రోప్ అనే ఇద్దరు అమెరికాలో ఇదే పనిని క్రమబద్ధం చేసి, సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్, మినోసైక్లిన్ అనే మూడు మందుల ముద్దతో కుహరాన్ని శుభ్రపరచి, ఆపై రక్తపు గడ్డను ఏర్పరిచే విధానాన్ని ప్రచురించారు. నేటి పద్ధతులన్నీ ఆ విధానానికి చేసిన సవరణలే.

ఈ చికిత్సలోని ప్రతి అడుగూ రెండు విరుద్ధ అవసరాల మధ్య రాజీ కావడం గమనించదగిన విషయం. సూక్ష్మజీవుల్ని పూర్తిగా చంపాలంటే ఘాటైన ద్రావణం కావాలి. అదే ఘాటు వేరు కొన దగ్గరున్న మూలకణాలనూ చంపుతుంది. మూలకణాలంటే ఇంకా ఏ ప్రత్యేక పనికీ కుదురుకోకుండా, అవసరాన్ని బట్టి వేర్వేరు కణాలుగా మారగలిగేవి. అందువల్ల సోడియం హైపోక్లోరైట్‌ను దాదాపు 1.5 శాతానికి పలుచన చేసి వాడతారు. యాంటీబయాటిక్ ముద్ద కూడా చిక్కగా ఉంటే కణాలకు విషమవుతుంది, పైగా మినోసైక్లిన్ పంటికి నల్లటి ఛాయ తెస్తుంది గనుక చాలామంది దాని బదులు కాల్షియం హైడ్రాక్సైడ్‌నే వాడుతున్నారు. ఒకటి నుంచి నాలుగు వారాల తర్వాత రెండోసారి వచ్చినప్పుడు ఇచ్చే మత్తు మందులో అడ్రినలిన్ ఉండకూడదు, అది రక్తనాళాలను ముడుచుకునేలా చేసి రావలసిన రక్తాన్ని రానివ్వదు. ఆ తర్వాత ఈడీటీఏ అనే ద్రావణంతో గోడలు కడగడానికి మరింత ఆసక్తికరమైన కారణం ఉంది: పన్ను ఏర్పడేటప్పుడు డెంటిన్‌లో కొన్ని వృద్ధి కారకాలు, అంటే కణాలను పిలిచి పెంచే ప్రొటీన్లు, ఖనిజంలో చిక్కుకుని ఉండిపోతాయి, ఈడీటీఏ ఆ ఖనిజాన్ని కొద్దిగా కరిగించి వాటిని తిరిగి బయటకు విడుదల చేస్తుంది. అప్పుడు సన్నని ఫైలును వేరు కొన దాటించి రక్తం తెప్పించి, గడ్డకట్టాక దానిమీద ఎంటీఏ అనే సిమెంటు పరుస్తారు. కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో 1990ల్లో రూపొందిన ఈ ఎంటీఏ, భవనాలకు వాడే పోర్ట్‌లాండ్ సిమెంటు కూర్పునే ఆధారం చేసుకున్నది.

పిల్లల్లో వేరు కొన వద్ద ఏపికల్ పాపిల్లా అనే ప్రత్యేక కణజాలం, మూలకణాలతో నిండి, కుహరంలోని మజ్జ చనిపోయినా కొంతకాలం బతికే ఉంటుంది. తెప్పించిన రక్తంతోపాటు ఆ కణాలు లోపలికి రావడం వల్లే వేరు ఎదుగుతుందని పరిశోధకుల అభిప్రాయం. అయినా వచ్చిన కణజాలం ఏమిటన్నది వేరే ప్రశ్న. ఇటువంటి చికిత్స పొందిన కొన్ని పళ్లు తర్వాత ఏదో కారణంతో తీసేయవలసి వచ్చినప్పుడు సూక్ష్మదర్శిని కింద చూసిన నివేదికల్లో అధిక భాగం ఒకే విషయం చెబుతున్నాయి: లోపల ఉన్నది రక్తనాళాలున్న సజీవ కణజాలమే కానీ మజ్జ కాదు, గోడల మీద పేరుకున్నది డెంటిన్ కాదు, సిమెంటాన్నీ ఎముకనూ పోలిన పదార్థాలు. ఓడాంటోబ్లాస్టుల వరుస సాధారణంగా కనిపించదు. శరీరం ఆ ఖాళీలోకి వేరు చుట్టూ ఉన్న కణజాలాన్నే పెంచి నింపిందన్న మాట. పిల్లవాడికి వేరు బలపడి పన్ను నిలవడమే ముఖ్యం గనుక దీనిని విఫలమనడం అన్యాయం. కానీ చనిపోయిన మజ్జ తిరిగి పుట్టిందనడం కూడా నిజం కాదు.

పెద్దల పంటికి వచ్చేసరికి కథ ఇంకా ఇరుకున పడుతుంది. వేరు కొన రంధ్రం సాధారణంగా అర మిల్లీమీటరుకు మించదు. ఏపికల్ పాపిల్లా ఎన్నడో మాయమై ఉంటుంది. సూక్ష్మజీవులు ఏళ్ల తరబడి పాతుకుని డెంటిన్‌లోని అతి సన్నని నాళికల లోతుల్లోకి చేరి ఉంటాయి. ఊడివచ్చి తిరిగి అమర్చిన పళ్లను గమనించిన వైద్యులు, రంధ్రం ఒక మిల్లీమీటరుకు పైగా ఉంటే తప్ప లోపలికి రక్తనాళాలు తిరిగి పెరగవని చాలాకాలం నమ్మారు. 2013లో లారైస్ బృందం కుక్కల పళ్లపై చేసిన ప్రయోగంలో మిల్లీమీటరులో మూడో వంతుకు దగ్గరగా ఉన్న రంధ్రం నుంచి కూడా నాళాలు చొచ్చుకుపోగలవని తేలడంతో ఆ నమ్మకం సడలింది. ఆ తర్వాత టర్కీ, ఈజిప్టు వంటి దేశాల దంతవైద్యులు పెద్దల నిర్జీవ దంతాల్లో రక్తపు గడ్డ పద్ధతిని నేరుగా ప్రయత్నించారు. 2019లో టర్కీ బృందం రూట్ కెనాల్‌తో పోల్చి చేసిన ప్రాథమిక అధ్యయనంలో వేరు కొన వద్ద ఎముక మానడం రెండు పద్ధతుల్లోనూ దగ్గరదగ్గరగానే ఉంది. కొత్త పద్ధతి పొందిన పళ్లలో కొన్ని, పంటిలో స్పర్శ ఉందో లేదో చూసే విద్యుత్ పరీక్షకు స్పందించాయి కూడా. సంఖ్యలు చిన్నవి, గమనించిన కాలం తక్కువ. కాబట్టి పెద్దల్లో ఈ పని చేయవచ్చునని మాత్రమే ఇవి చెబుతాయి, చేయాలని కాదు. యూరోపియన్ సొసైటీ ఆఫ్ ఎండోడాంటాలజీ 2016లో వెలువరించిన మార్గదర్శక ప్రకటన సైతం వేరు పూర్తికాని పళ్లను ఉద్దేశించినదే.

రావలసిన కణాలు రాకపోతే బయటి నుంచే తెచ్చి పెట్టాలన్నది రెండో మార్గం. జ్ఞానదంతం మజ్జలో మూలకణాలున్నాయని 2000లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో గ్రాంథోస్, షి తదితరులు చూపించారు. మూడేళ్ల తర్వాత పాలపళ్లలోనూ అవి దొరికాయి. 2000 నాటి ఆ ఆవిష్కరణ నుంచి మనుషుల వరకు రావడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. 2017లో జపాన్‌కు చెందిన నకాషిమా బృందం, మజ్జ కోలుకోలేని స్థితికి చేరిన ఐదుగురిలో, వారి సొంత పళ్ల నుంచే సేకరించి పెంచిన మూలకణాలను కొల్లాజెన్ ఆధారంతో కుహరంలో ఉంచింది. నాలుగు వారాలకు నలుగురిలో విద్యుత్ పరీక్షకు స్పందన వచ్చింది, ఎమ్మారై చిత్రాల్లో లోపలి కణజాలం మామూలు మజ్జను పోలి కనిపించింది. 2018లో చైనాలోని షియాన్ నగరంలో జరిగిన అధ్యయనం ఇంకా ముందుకు వెళ్లింది. దెబ్బతిని మజ్జ చనిపోయిన ముందుపళ్లున్న 40 మంది పిల్లల్లో 30 మందికి, వారి పాల కోరపన్ను నుంచే తీసి పెంచిన మూలకణాలను వేరు కుహరంలో అమర్చారు. ఏడాది తర్వాత రక్తప్రసరణ, స్పర్శజ్ఞానం తిరిగి వచ్చినట్టు పరీక్షలు చూపాయి. చికిత్స పొందిన ఒక పన్ను మళ్లీ దెబ్బతిని తీసివేయవలసి వచ్చినప్పుడు, దానిలో ఓడాంటోబ్లాస్టుల పొరతో సహా మజ్జను పోలిన నిర్మాణం కనిపించడం ఈ రంగంలో ఇంతవరకు లభించిన అతి బలమైన సాక్ష్యాలలో ఒకటి. కానీ అవి పిల్లల పళ్లు, ఆ సూక్ష్మదర్శిని సాక్ష్యం ఒక్క పంటిది.

పెద్దలకు నేరుగా సంబంధించిన పరీక్ష చిలీలో జరిగి, 2020లో వెలువడింది. బ్రిజువేలా, మరికొందరు పరిశోధకులు వేరు కొన వద్ద ఎముక దెబ్బతిన్న 36 మంది రోగులను రెండు సమాన బృందాలుగా విడదీసి, ఒక బృందానికి మామూలు రూట్ కెనాల్ చేశారు, రెండో బృందానికి దాతల బొడ్డుతాడు నుంచి తీసిన మూలకణాలను రక్తపు ప్లాస్మాతో చేసిన ఆధారంలో కూర్చి కుహరంలో నింపారు. ఏడాది గడిచాక రెండు బృందాల్లోనూ రోగలక్షణాలు నయమయ్యాయి. కణాలు పొందిన పళ్లలో చల్లదనానికి స్పందించేవి 6 శాతం నుంచి 56 శాతానికి, విద్యుత్ పరీక్షకు స్పందించేవి 17 నుంచి 50 శాతానికి పెరిగాయి. సొంత కణాలు కాకుండా దాతల కణాలు వాడటం వల్ల ప్రతి రోగికీ విడిగా కణాలు పెంచే ఖర్చు తప్పుతుంది, అది ఈ పద్ధతి ఆచరణలోకి రావడానికి అనుకూలమైన విషయం. కాకపోతే లోపల పెరిగినదేమిటో ఎవరూ కళ్లారా చూడలేదు, ఎందుకంటే బాగున్న పంటిని పీకి చూడడం కుదరదు. పైగా పద్దెనిమిది పళ్ల మీద ఏడాది కాలం వచ్చిన ఫలితాన్ని, లక్షలాది పళ్ల మీద దశాబ్దాలుగా నిలిచిన చికిత్సతో ఒకే త్రాసులో వేయలేము.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: లోపల సజీవ కణజాలం ఏర్పడితే పెద్దవారికి ఒరిగేదేమిటి? పిల్లల్లో ప్రధాన లాభం వేరు ఎదగడం. పెద్దల్లో వేరు ఎప్పుడో పూర్తయింది. రూట్ కెనాల్ చేసిన పన్ను విరగడానికి ముఖ్య కారణం అది నిర్జీవం కావడం కాదు, పుచ్చు వల్లా తొలచడం వల్లా గట్టి పదార్థం పోవడం. ఆ నష్టాన్ని కొత్త మజ్జ పూడ్చదు, రెండు సందర్భాల్లోనూ పైన క్యాప్ అవసరం కావచ్చు. మిగిలే లాభాలు రెండు: కొత్త పుచ్చును ముందే తెలిపే స్పర్శజ్ఞానం, లోపలికి చొరబడే సూక్ష్మజీవులను ఎదిరించే రక్షక కణాలు. ఇవి చిన్నవి కావు, కానీ ఖర్చూ అనిశ్చితీ వాటికి ఎదురుగా ఉన్నాయి. ఇటువంటి చికిత్సల తర్వాత కుహరంలో గట్టి పదార్థం అడ్డదిడ్డంగా పేరుకోవడం తరచూ కనిపిస్తుంది, అప్పుడు చికిత్స విఫలమైతే మామూలు రూట్ కెనాల్ చేయడం కూడా కష్టమవుతుంది. ఉత్సాహంలో చాలామంది ప్రస్తావించని విషయం ఇది.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి మాత్రం ఇప్పటికీ 1965 నాటిదే, అంటే సూక్ష్మజీవులే. గట్టాపెర్చా నింపినప్పుడు నాళికల్లో మిగిలిన కొద్దిపాటి సూక్ష్మజీవులు ఆహారం అందక బందీలుగా ఉండిపోవచ్చు. సజీవ కణజాలం నింపినప్పుడు అదే వాటికి ఆహారం. కనుక పునరుత్పాదక చికిత్సకు రూట్ కెనాల్ కన్నా ఎక్కువ శుభ్రత కావాలి, అదీ తక్కువ ఘాటుతో. ఈ దిశగా బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2022లో చెప్పుకోదగిన పని చేశారు. ఇనుపపూత పూసిన, మెలితిరిగిన సిలికా రేణువులను అయస్కాంత క్షేత్రంతో డెంటిన్ నాళికల్లోకి నడిపించి, 2000 మైక్రోమీటర్ల లోతు వరకు చేర్చి, అక్కడ వేడి పుట్టించి సూక్ష్మజీవులను చంపగలమని తీసేసిన పళ్ల మీద చూపించారు. పునరుత్పాదక చికిత్స కోసమని చేసినది కాకపోయినా, ఆ చికిత్సకు అత్యవసరమైన సాధనం ఇటువంటిదే.

జపాన్‌లోని క్యోటోలో 2024లో మనుషుల మీద పరీక్ష మొదలైన ‘పన్ను మొలిపించే మందు’ను చాలామంది పునరుత్పాదక చికిత్సతో కలిపి మాట్లాడుతున్నారు, కానీ అది లేని పన్నును కొత్తగా మొలిపించే ప్రయత్నం, నోట్లో ఉన్న నిర్జీవ దంతంతో దానికి సంబంధం లేదు.

పెద్దల విషయంలో నేడు నిజంగా చేతికి అందుతున్న జీవచికిత్స వేరొకటి ఉంది, అది మజ్జ పూర్తిగా చనిపోకముందే వర్తిస్తుంది. ఒకప్పుడు తీవ్రమైన నొప్పి మొదలైతే మజ్జ కోలుకోదని నిశ్చయించి రూట్ కెనాల్ చేసేవారు. కానీ మంట తరచుగా మజ్జ పైభాగానికే పరిమితమై వేరులోని భాగం ఆరోగ్యంగా ఉంటుందని తెలిశాక, చెడిన భాగాన్ని మాత్రం తొలగించి, మిగిలినదాని మీద ఎంటీఏ వంటి సిమెంటు పరిచి మూసే పల్పాటమీ అనే పద్ధతికి పెద్దల్లోనూ ఆదరణ పెరిగింది. ఇరాన్‌లో పలు కేంద్రాల్లో 407 మంది రోగుల దవడపళ్లపై, అటువంటి ఒక సిమెంటుతో చేసిన పల్పాటమీని రూట్ కెనాల్‌తో పోల్చి జరిపిన పరీక్షలో, ఐదేళ్ల తర్వాత రెండు పద్ధతుల విజయశాతాలు దాదాపు సమానంగా, 78, 75 శాతాల దగ్గర నిలిచాయి. మూలకణాలు పెంచే ప్రయోగశాల, దాతలు, కొల్లాజెన్ ఏవీ దీనికి అక్కర్లేదు. మజ్జలో మిగిలి ఉన్న సొంత కణాలే చాలు. చనిపోయిన మజ్జను పుట్టించే మార్గం కోసం జరిగిన పరిశోధనకు ఇంతవరకు వచ్చిన మేలైన ఫలం, బతికున్న మజ్జను కాపాడే ఈ చికిత్సకు అది తెచ్చిన గౌరవమేనని చెప్పినా అతిశయోక్తి కాదు.

భారతదేశంలో ఈ విషయంలో నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో జారీ చేసిన మూలకణ పరిశోధన మార్గదర్శకాల ప్రకారం బొడ్డుతాడు రక్తాన్ని తప్ప మరే ఇతర జీవపదార్థాన్నీ వ్యాపారపరంగా నిల్వచేయడానికి అనుమతి లేదు, కాబట్టి పిల్లల పాలపళ్లను భవిష్యత్తు అవసరాల కోసం డబ్బు తీసుకుని దాచిపెడతామనే ప్రకటనలను తల్లిదండ్రులు నమ్మవలసిన పని లేదు. రక్తసంబంధ వ్యాధుల్లో ఆమోదం పొందిన కొన్ని చికిత్సలు మినహా, ఆమోదిత పరిశోధనకు వెలుపల మూలకణాలను రోగులకు ఇవ్వడం అనైతికమని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. పంటి చికిత్స ఆ మినహాయింపుల్లో లేదు. ఎవరైనా వైద్యుడు మూలకణాలతో పంటికి జీవం పోస్తానంటే, ఆ పరీక్ష భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉందా, నమోదు సంఖ్య ఎంత అని అడగడం రోగి హక్కు. ఆ రిజిస్ట్రీని ఎవరైనా రుసుము లేకుండా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. ప్రయోగాత్మక చికిత్సకు రోగి నుంచి రుసుము కోరితే ఇక ముందుకు వెళ్లనవసరం లేదు. వేరు పూర్తయిన పంటిలో మజ్జ చనిపోయిందని తేలిన పెద్దవారికి, పన్ను నిలుపుకోదగినదైతే, ఈ రోజుకు చేయించుకోవలసింది రూట్ కెనాలే. చల్లటి నీటికి పన్ను జివ్వుమంటున్న దశలోనే వైద్యుడి దగ్గరకు వెళ్లినవారికి మాత్రం ఆ అవసరం రాకుండా పోయే అవకాశం మునుపటికన్నా ఇప్పుడు ఎక్కువ.